ఉత్తరాంధ్ర జానపద ప్రదర్శనల వీడియో నమోదు: టేపు, హార్డ్ డిస్కు, ఫ్లాష్ కార్డుల ఎంపిక

కీలకపదాలు: క్షేత్ర పరిశోధన, వీడియో నమోదు, నిల్వ మాధ్యమం, తేమ, విశాఖపట్టణం

తప్పెటగుళ్లు, జముకుల కథ, థింసా వంటి కళారూపాలను అధ్యయనం చేసే పరిశోధకునికి వీడియో నమోదు ప్రధాన ఆధారం. కళాకారుడు మరణించిన తరువాత అతని గతి, అభినయం మిగిలేది అందులోనే. నిల్వ మాధ్యమాన్ని ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు కలగాపులగమవుతుంటాయి: ప్రదర్శనను దేనిపై నమోదు చేయాలి? దానిని దేనిలో భద్రపరచాలి? ఈ రెండింటికీ ఒకే సమాధానం లేదు.

1995లో వచ్చిన డీవీ ప్రమాణంతో మినీ డీవీ క్యాసెట్టు ఒక గంట దృశ్యాన్ని, అంటే సుమారు 13 గిగాబైట్లను, తనలో ఇముడ్చుకుంది. నమోదైన క్యాసెట్టే మూలప్రతిగా మిగలడం దీని గొప్ప సుగుణం. అయితే విశాఖలో చాలా నెలలు సాపేక్ష తేమ 70 శాతాన్ని మించుతుంది. ఏసీ గది నుండి, లేదా సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు చలి నుండి తీరానికి తెచ్చిన కెమెరాలో తిరిగే డ్రమ్ముపై నీటిచెమ్మ చేరుతుంది. టేపు అంటుకోకుండా యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. చెమ్మ తగిలే బీరువాలో ఏళ్ల తరబడి ఉంచిన టేపుకు బూజు పడుతుంది. ఉక్కునగరం గనుక అయస్కాంతాల భయం కలగవచ్చు గానీ, బీరువాలోని క్యాసెట్టుకు అసలు శత్రువు తేమే.

హార్డ్ డిస్కులో రీడింగ్ హెడ్డు తిరిగే పళ్లేనికి నానోమీటర్ల ఎత్తున కదులుతుంది. ఘాట్ రోడ్డు కుదుపులకు గాని, తప్పెట్ల హోరుకు గాని దానిని గురిచేస్తూ నమోదు చేయడం సాహసమే. కదిలే భాగాలు లేని ఫ్లాష్ కార్డు ఇక్కడ నిస్సందేహంగా మేలు. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో ఆరు గంటల రాత్రి ప్రదర్శనకు సుమారు 270 గిగాబైట్లు కావాలి. ఒకే పెద్ద కార్డు కన్నా కొన్ని చిన్న కార్డులు మంచివి. ఒకటి పాడైనా రాత్రంతా పోదు. చిక్కంతా మరునాడే: ఖాళీ కార్డు కోసం నిన్నటి కార్డును, ప్రతి సరిచూడకుండానే చెరిపేయడం జరుగుతుంది. టేపు కాలంలో ఈ ప్రలోభం తక్కువ.

భద్రపరచడానికి మాత్రం ఫ్లాష్ తగదు. అందులోని విద్యుదావేశం, ముఖ్యంగా వేడిలో, క్రమంగా క్షీణిస్తుంది. రెండు హార్డ్ డిస్కు ప్రతులు నిత్య వినియోగానికి సరిపోతాయి. వాటిని అప్పుడప్పుడు నడిపి చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన తీరు తెలిసినవారికి, మూడవ ప్రతి తీరానికి దూరంగా వేరే ఊరిలో ఎందుకుండాలో వివరించనక్కరలేదు. ఆ ప్రతికి ఎల్‌టీఓ టేపు అనువైనది. ఎనిమిదవ తరం టేపు ఒక్కటే 12 టెరాబైట్లు పడుతుంది. యంత్రం ఖరీదు పరిశోధకునికి అందనిది. ఆ బాధ్యత విశ్వవిద్యాలయ గ్రంథాలయాలదే. ఎనిమిదవ తరం యంత్రం ఆరవ తరం టేపును చదవలేదు కనుక, తరం మారినప్పుడల్లా కొత్త టేపుకు మార్చే ఖర్చును కూడా ముందే లెక్కవేయాలి.

పాత మినీ డీవీ క్యాసెట్ల విషయం ఇంతకన్నా తొందరపడవలసినది. టేపు బాగున్నా దానిని చదివే యంత్రాలు, మరమ్మతు తెలిసినవారు తగ్గిపోతున్నారు. ఈ ప్రమాదాన్ని గుర్తించే యునెస్కో 2019లో అయస్కాంత టేపుల హెచ్చరిక కార్యక్రమాన్ని చేపట్టింది. కొత్త క్షేత్రపర్యటనకు నిధులు కోరే విభాగం మొదట తన బీరువాలోని క్యాసెట్లను లెక్కించి, జీవించి లేని కళాకారుల నమోదులను ముందుగా డిజిటల్ ప్రతులుగా మార్చుకోవాలి.