బండ్లు తిరిగే భోజనశాల

ఆదివారం ఉదయం పదకొండు గంటలవేళ శాన్‌ఫ్రాన్సిస్కోలో గానీ, న్యూయార్క్‌లో గానీ, టొరాంటోలో గానీ ఒక పెద్ద కాంటనీస్ భోజనశాల గుమ్మం దగ్గర నిలబడితే కనిపించే దృశ్యం ఇంచుమించు ఒకటే. చేతుల్లో అంకెల చీటీలతో ఎదురుచూసే జనం. ఆ అంకెలను మైకులో రెండు మూడు భాషల్లో పిలిచే ఉద్యోగిని. లోపల ఎనిమిది, పదిమంది కూర్చోగల గుండ్రటి బల్లలు. వాటి నడుమ ఇరుకు దారుల్లో ఆవిరి చిమ్ముతూ కదిలే తోపుడుబండ్లు. బండ్ల మీద దొంతరలుగా పేర్చిన చిన్న చిన్న ఆవిరి బుట్టలు. బండి తోసే ఆమె వంటకాల పేర్లు కేకవేసుకుంటూ సాగిపోతుంది. ఎవరికి ఏం కావాలో ముందుగా ఎవరూ చెప్పరు. బండి తమ బల్ల దగ్గరకు వచ్చినప్పుడు వేలితో చూపిస్తారు. మరుక్షణం ఆ బుట్ట వారి ముందు ఉంటుంది.

కొత్తగా వెళ్ళినవారికి ఇదంతా సంతలా, గందరగోళంగా తోస్తుంది. నిజానికి ఇందులో గందరగోళం తక్కువ, పద్ధతి ఎక్కువ. ఒకే గదిలో, రెండు మూడు గంటల వ్యవధిలో, వందలాది మందికి, పదుల రకాల ఫలహారాలు వేడివేడిగా అందించడం ఎలా? అందులోనూ తినేవారికీ వడ్డించేవారికీ ఉమ్మడి భాష లేనప్పుడు ఎలా? తోపుడుబండి ఈ ప్రశ్నకు దొరికిన జవాబు. ఇప్పుడా బండి మెల్లమెల్లగా కనుమరుగవుతున్నది. దానివల్ల తిండి రుచి పెరుగుతున్నదనే వాదన చాలావరకు నిజమే. అయితే పోతున్నదేమిటో కూడా గుర్తించడం అవసరం.

మాటల వెనక మర్యాద

డిమ్ సమ్ అన్న పేరుకు ‘గుండెను తాకేది’ అని అర్థం చెప్పడం ఆనవాయితీ. అక్షరార్థంగా అది తప్పు కాదు గానీ, అందులో లేని కవిత్వాన్ని కొంత ఆపాదిస్తుంది. మొదటి అక్షరానికి చుక్క, లేశమాత్రం, కాస్త తాకించడం అన్న అర్థాలున్నాయి. రెండో అక్షరం గుండె లేదా మనసు. అసలు భోజనానికి ముందు ప్రాణం కుదుటపడేందుకు కాస్త ఏదైనా తినడమన్నది ఇందులోని భావం. ఆత్మారాముణ్ణి శాంతింపజేయడం అన్న తెలుగు నుడికారం దీనికి ఎక్కువ దగ్గర. వంటకాల వరసకు మాత్రం ‘ఫలహారం’ సరిపోతుంది.

ఆ ఫలహారానికి బయలుదేరేటప్పుడు కాంటనీస్ మాట్లాడేవారు ‘యమ్ చా’కు వెళదామంటారు. అంటే టీ తాగడం. తినేది ఎంత ఉన్నా పేరు మాత్రం టీదే. ఇడ్లీ, పెసరట్టు తినడానికి వెళ్తూ ‘కాఫీ హోటలు’ అని పిలుచుకున్న తెలుగువారికి ఈ మర్యాద కొత్తేమీ కాదు. ఈ పేరులో ఒక చరిత్ర కూడా ఉంది: మొదట వచ్చింది టీ కొట్టే, ఫలహారం దానికి తోడు వచ్చింది.

గ్వాంగ్‌జౌ నుండి మాంటరే పార్క్ దాకా

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌ రేవుపట్టణంలో పందొమ్మిదో శతాబ్దంలో కూలీలు, చిరువ్యాపారులు ఆగి అలుపు తీర్చుకునే చవక టీ కొట్లు ఉండేవి. అక్కడి టీ ధర రెండు ‘లీ’లు కాబట్టి వాటిని రెండు లీల కొట్లు అనేవారు. నాలుగు బల్లలు, ముక్కాలిపీటలు, టీ, పక్కన ఏదో ఒక ఆవిరి రొట్టె, అంతే. ఆ శతాబ్దం చివరికి మేడమీద మేడ కట్టిన టీ భవనాలు వెలిశాయి. 1880లో మొదలైన టావ్ టావ్ జ్యూ, 1889 నాటి లియాన్ షియాంగ్ లౌ ఆ నగరంలో ఈనాటికీ పేరున్నవే. వాటిలో పై అంతస్తుకు పోయేకొద్దీ ధర పెరిగేది. డబ్బున్నవారు మేడ మీదికి, లేనివారు కిందనే చతికిలబడడానికి అన్న సామెత అలా పుట్టింది. ‘ఒక గిన్నె, రెండు ముక్కలు’ అన్న నానుడి కూడా అప్పటిదే. మూత ఉన్న గిన్నెలో టీ, తోడుగా రెండు ఫలహారాలు, చేతిలో వార్తాపత్రిక ఉంటే ఉదయం గడిచిపోయేది.

1949 తరువాత చైనా ప్రధాన భూభాగం నుండి హాంగ్‌కాంగ్‌కు తరలివచ్చినవారిలో వంటవారు, వ్యాపారులు అనేకులు. జనం కిక్కిరిసిన ఆ నగరంలో టీ భవనాలు పెద్ద భోజనశాలలయ్యాయి. మొదట్లో అమ్మేవారు పళ్ళాన్ని మెడకు తగిలించుకుని, పేర్లు కేకవేస్తూ బల్లల మధ్య తిరిగేవారు. గది పెద్దదై, బుట్టల సంఖ్య మెడ మోయలేనంతగా పెరిగిన తరువాత ఆ పళ్ళానికి చక్రాలు వచ్చాయి.

అమెరికాలో కథ వేరుగా నడిచింది. అక్కడికి తొలిగా వెళ్ళిన చైనీయుల్లో అధికులు గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని టోయ్‌సాన్ పరిసరాలవారే. కానీ 1882 నాటి బహిష్కరణ చట్టం చైనా కార్మికుల రాకను నిషేధించింది. 1943లో ఆ చట్టాన్ని రద్దుచేసినా ఏడాదికి 105 మందినే అనుమతించారు. కుటుంబాలు లేని, ఎక్కువమంది ఒంటరి మగవారే ఉన్న సమాజంలో పదిమంది కూర్చునే గుండ్రటి బల్లకు పెద్దగా అవసరం లేదు. న్యూయార్క్ డోయర్స్ వీధిలో నామ్ వా టీ పార్లర్ 1920లోనే మొదలైనా, అది చిన్న కొట్టు. 1965 నాటి వలస చట్టం భారతీయులకు తలుపు తీసినట్లే చైనీయులకూ తీసింది. 1997లో హాంగ్‌కాంగ్‌ను చైనాకు అప్పగించాలన్న 1984 నాటి ఒప్పందం తరువాత అక్కడి మధ్యతరగతి కుటుంబాలు పెద్దసంఖ్యలో కెనడాకు, అమెరికాకు కదిలాయి. కాలిఫోర్నియాలోని మాంటరే పార్క్, వాంకూవర్ పక్కనున్న రిచ్‌మండ్, టొరాంటో పక్కనున్న మార్కమ్‌లలో వందల మంది పట్టే డిమ్ సమ్ శాలలు వెలసింది ఈ వలస వెంటనే. ఆ గుండ్రటి బల్ల చుట్టూ కూర్చోవడానికి తాత నుండి మనవరాలి దాకా అప్పటికి మనుషులున్నారు.

బల్ల దగ్గరి పద్ధతి

కూర్చోగానే అడిగే మొదటి ప్రశ్న ఏ టీ అని. నల్లగా, మట్టివాసనతో ఉండే బో లే, మల్లెపూల టీ, చేమంతి కలిపిన గుక్ బో సాధారణంగా అడిగేవి. టీకి తలకింత అని రుసుము. తొలి వేడి టీతో కప్పులు, పుల్లలు కడగడం పెద్దల అలవాటు. పక్కవారి కప్పు నింపిన తరువాతే తన కప్పు నింపుకోవాలి. నింపినవారికి కృతజ్ఞతగా రెండు వేళ్ళు వంచి బల్లమీద మెల్లగా తట్టాలి. మారువేషంలో తిరుగుతున్న చియెన్‌లుంగ్ చక్రవర్తి తన సేవకుడికి టీ పోస్తే, సాష్టాంగపడితే రహస్యం బయటపడుతుందని ఆ సేవకుడు వేళ్ళతోనే మోకరిల్లాడని జనశ్రుతి. కథ మాటెలా ఉన్నా, మాట్లాడుతున్నవారిని ఆపకుండా ధన్యవాదం చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. టీ కుండ ఖాళీ అయితే మూత పక్కకు జరిపి ఉంచితే చాలు. పిలవనక్కరలేదు.

లెక్క కూడా ఇలాగే మాటల్లేకుండా సాగుతుంది. బల్లమీద ఒక కార్డు ఉంటుంది. అందులో చిన్నవి, మధ్యవి, పెద్దవి, ప్రత్యేకమైనవి అని గళ్ళు. బుట్ట దించినప్పుడల్లా ఆ ధర గడిలో ముద్ర పడుతుంది. చివర్లో ముద్రలు లెక్కపెడితే బిల్లు తేలుతుంది. కార్డులు రాకముందు బల్లమీద మిగిలిన ఖాళీ పాత్రలనే లెక్కించేవారు.

పరిశ్రమల నిర్వహణ చదివినవారికి ఇందులో ఒక పరిచిత సూత్రం కనిపిస్తుంది. అడిగిన తరువాత తయారుచేయడం ఒక పద్ధతి. అడుగుతారని అంచనా వేసి ముందే తయారుచేసి ముందుకు నెట్టడం మరొకటి. బండి రెండో తరహాది. వంటగది ఏ బల్ల కోసమూ ఎదురుచూడదు. తినేవారు కూర్చున్న రెండు నిమిషాల్లో తినడం మొదలుపెడతారు. ఆదివారంనాటి రద్దీలో బల్ల తొందరగా ఖాళీ కావడానికి కారణం ఇదే.

ఆవిరి, పిండి, కాలం

ఈ పద్ధతికి చెల్లించే మూల్యం రుచిలో కనిపిస్తుంది. రొయ్యల హార్ గావ్‌నే తీసుకుంటే, దాని పలుచని పొర గోధుమపిండి నుండి జిగురు తొలగించగా మిగిలిన గంజిపొడితో, కొంత కర్రపెండలం పిండితో చేసేది. జిగురు లేదు కాబట్టి మరుగుతున్న నీళ్ళు పోసి కలిపితే తప్ప ముద్ద కాదు. జొన్నరొట్టెకు ఎసరు నీళ్ళతో పిండి కలపడంలో ఉన్న కిటుకే ఇది. వెడల్పాటి కత్తిని పడుకోబెట్టి, ఒత్తి ఒక్కో పొరను గుండ్రంగా చేస్తారు. దాన్ని సన్నటి కుచ్చిళ్ళు పెట్టి మూయడానికి ఏళ్ళ సాధన కావాలి. ఆవిరి మీదనుంచి దించగానే లోపలి రొయ్య గులాబీ రంగులో కనిపిస్తుంది. చల్లారేకొద్దీ ఆ పొర బిరుసెక్కి, పుల్ల తగలగానే చిరుగుతుంది. చెంగ్ ఫన్ కూడా అంతే. పలుచటి బియ్యప్పిండి జారును పళ్ళెంలోనో గుడ్డమీదనో పోసి ఆవిరిపట్టి చుట్టే ఈ వంటకం, గిన్నె మూతికి వాసెన కట్టి ఇడ్లీ వేసిన ఇంటివారికి వెంటనే అర్థమవుతుంది. అది కూడా వేడి తగ్గితే ముద్దవుతుంది.

దీనికి భిన్నంగా, వేయించి, ఉడికించి, ఆపైన నల్ల సోయా గింజల పులుసులో ఆవిరిపట్టిన కోడికాళ్ళు, తామరాకులో చుట్టిన జిగురు బియ్యం బండిమీద ఎంతసేపు తిరిగినా చెడవు. కాబట్టి బండి అందరికీ సమానం కాదు. వంటగది తలుపు పక్కన కూర్చున్నవారికి తాజా హార్ గావ్, చివరి మూలవారికి మిగిలినవి. అందుకే హాంగ్‌కాంగ్ పాతశాలల్లో కొందరు బండి వచ్చేదాకా ఆగక, కార్డు పట్టుకుని దానికి ఎదురువెళ్తారు.

శాకాహారులకు ఇక్కడ కళ్ళు మాత్రమే చాలవు. ముల్లంగి తురుముతో చేసి పెనం మీద కాల్చే లో బాక్ గో చూడడానికి కాయగూరల వంటకమే. అందులో సాధారణంగా ఎండురొయ్యలు, చైనా సాసేజి ముక్కలు ఉంటాయి. తీపి వంటకాల పిండిలో పంది కొవ్వు వాడడమూ మామూలే. అడిగి తెలుసుకోవాలి. ఆ అనుమానం అక్కర్లేనివి చైనా బౌద్ధ శాకాహార శాలలు. ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధమైన అక్కడి వంట మడివంట ఎరిగినవారికి దగ్గరగా తోస్తుంది.

కాగితం వచ్చింది

బండి లోపాలకు విరుగుడు కాగితం. వంటకాల పేర్లున్న చీటీ మీద పెన్సిలుతో గుర్తు పెడితే, వంటగది అప్పటికప్పుడు ఆవిరిపట్టి పంపుతుంది. 2009లో హాంగ్‌కాంగ్ మాంగ్‌కాక్‌లో ఒక ఇరుకు గదిలో మొదలైన టిమ్ హో వాన్ ఇలా అడిగాక చేసి పెట్టే పద్ధతితోనే మిషలిన్ నక్షత్రం పొంది, అనేక దేశాలకు విస్తరించింది. చిన్న గది చాలు, పనివారు తక్కువ, వృథా తక్కువ, హార్ గావ్ వేడిగా వస్తుంది. అద్దెలు పెరిగిన నగరాల్లో ఈ లెక్కను కాదనడం కష్టం.

అయితే బండి తిండితో పాటు మరొక సౌకర్యాన్నీ మోసింది. చీటీ చదవాలంటే అక్షరం కావాలి. బండికి కళ్ళు చాలు. చైనా లిపి చదవలేని, అమెరికాలో పుట్టిన మనవడు. ఇంగ్లీషు రాని నాయనమ్మ. రెండూ తెలియని పరాయి అతిథి ఒకే బల్ల దగ్గర, ఎవరి సాయం లేకుండా, తనకు కావలసింది తానే ఎంచుకోగలిగిన భోజనం అది. బండికి రెండో వైపున నిలబడిన మనిషిదీ ఇదే స్థితి. బండి తోసేవారిలో ఎక్కువమంది నడివయసు దాటిన, ఇంగ్లీషు అంతగా రాని వలస స్త్రీలు. కొత్త దేశంలో వారికి దొరికిన తొలి ఉద్యోగం చాలాసార్లు ఇదే.

దీన్ని ఆదర్శంగా చిత్రించవలసిన పనిలేదు. 2014లో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన ప్రసిద్ధ డిమ్ సమ్ శాల యాంక్ సింగ్, వేతన బకాయిల వివాదంలో సుమారు 280 మంది కార్మికులకు 40 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. ఆ ఒప్పందం వెనక ఉన్నది భాష రానివారు సంఘటితమై చేసిన పోరాటం. బండి పని కష్టమైనదే. కానీ దాన్ని న్యాయమైన పనిగా మార్చుకునే ప్రయత్నం ఒకటి, ఆ పనే లేకుండా పోవడం మరొకటి.

గది సంగతీ అలాంటిదే. న్యూయార్క్ చైనాటౌన్‌లో సుమారు 800 మంది పట్టే జింగ్ ఫాంగ్ శాల కోవిడ్ దెబ్బకు 2021 మార్చిలో మూతబడినప్పుడు కార్మికులు, స్థానికులు వీధిలోకి వచ్చి నిరసన తెలిపారు. అదే ఏడాది అది సమీపంలోనే చిన్న చోట తిరిగి తెరుచుకుంది. ఫలహారాలు మళ్ళీ దొరికాయి. కానీ నిరసన తెలిపినవారి బాధ ఫలహారాల గురించి మాత్రమే కాదు. పెళ్ళి విందులు, కొత్త సంవత్సరపు సభలు, సంఘాల వార్షిక భోజనాలు జరిగింది ఆ పెద్ద గదిలోనే. అంతమంది పట్టే గది ఆ పేటలో మరొకటి లేదు.

పరాయిదేశంలో స్థిరపడిన తెలుగువారు ఈ నష్టాన్ని సులభంగానే అర్థం చేసుకోగలరు. ఉగాదికో సంక్రాంతికో పాఠశాల ఆడిటోరియం అద్దెకు తీసుకుని కలుసుకోవడం వారికి అలవాటు. గుడి ఒక కూడలి. కానీ ఆహ్వానం లేకుండా, కార్యక్రమం లేకుండా, ప్రతి ఆదివారం మూడు తరాలు వచ్చి కూర్చునే ఫలహారశాల వారికి దాదాపు లేదు. కాంటనీయులు అలాంటి గదిని నిర్మించుకుని, వ్యాపారంగా నిలబెట్టి, దశాబ్దాలపాటు నడిపారు.

హాంగ్‌కాంగ్ సిటీ హాల్ భవనంలోని మాక్సిమ్స్ ప్యాలెస్ వంటి చోట్ల బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. ఉత్తర అమెరికా నగరాల్లోనూ అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. అక్కడికి వెళ్ళేవారు పదకొండు గంటలలోపు వెళ్ళడం, నలుగురికి తగ్గకుండా వెళ్ళడం, వీలైతే వంటగది తలుపు దగ్గరి బల్ల అడగడం మంచిది. హార్ గావ్ కాస్త చల్లారి ఉండవచ్చు. బండి తోసుకొచ్చినావిడ బుట్ట మూత తీసి చూపిస్తుంది. నచ్చితే తల ఊపితే చాలు.