రెండు రోజుల్లో ఒక నిరంకుశ రాజ్యం

తెర మీద ఒక దినపత్రిక మొదటి పేజీ ఖాళీగా ఉంటుంది. పక్కన వార్తలు ఒకటొకటిగా వచ్చి చేరుతుంటాయి. ఏ వార్తను వేయాలి, దేన్ని పెద్ద అక్షరాల్లో వేయాలి, దేన్ని తొక్కిపెట్టాలి అన్నది ఆడేవారి చేతిలో ఉంటుంది. వారు ఆ పత్రికకు సంపాదకులు. పత్రిక పేరు ‘ది రిపబ్లియా టైమ్స్’. రిపబ్లియా ఒక నిరంకుశ రాజ్యం. అక్కడ యుద్ధం ముగిసింది కాని, పాలకుల మీద ప్రజల విధేయత సడలింది. దాన్ని తిరిగి పెంచే బాధ్యత కొత్త సంపాదకుడిది. అతని కుటుంబం ప్రభుత్వం అధీనంలో ఉంది. ప్రభుత్వాన్ని పొగిడే వార్తలతోనే పేజీ నింపితే పాఠకులు పెరగరు. ఆటలపోటీలు, సినిమాతారల కబుర్లు వేస్తే పాఠకులు వస్తారు కాని విధేయత పెరగదు. ఈ రెండింటి మధ్య గడియారం నడుస్తూ ఉంటుంది.

లూకస్ పోప్ అనే అమెరికన్ రూపకర్త 2012 ఏప్రిల్‌లో, లూడమ్ డేర్ అనే పోటీ కోసం, ఈ ఆటను 48 గంటల్లో ఒక్కడే తయారుచేశాడు. పెద్ద సంస్థలు వందలమందితో ఏళ్ళ తరబడి శ్రమించి నిర్మించే ఊహాలోకాల పక్కన ఇది చాలా చిన్నది. అయినా ఆడినవారికి ఆ రాజ్యం నిజమనిపిస్తుంది. అంత తక్కువ సమయంలో ఇది ఎలా సాధ్యమైంది అన్న ప్రశ్నకు రూపకర్త ప్రతిభ ఒక్కటే జవాబు కాదు. డిస్టోపియా, అంటే ఆదర్శరాజ్యాన్ని తలకిందులు చేసిన ఊహకూ, గడువు కింద తయారయ్యే చిన్న ఆటకూ స్వభావంలోనే ఒక పొత్తు ఉంది.

కొద్ది గంటల్లో, ఇచ్చిన ఇతివృత్తం మీద ఆట తయారుచేసే ఇటువంటి పోటీలను గేమ్ జామ్ అంటారు. లూడమ్ డేర్ 2002లో మొదలైంది. దాని మూలరూపంలో నియమాలు కఠినమైనవి. ఇతివృత్తం పోటీ మొదలయ్యాకనే తెలుస్తుంది. 48 గంటల్లో బొమ్మలు, శబ్దాలు, కథ, ఆట నడిచే ప్రోగ్రాం అన్నీ ఒక్కరే సమకూర్చుకోవాలి. పోప్ పాల్గొన్నప్పుడు ఇచ్చిన ఇతివృత్తం ‘చిన్న ప్రపంచం’. 2005లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో నలుగురు విద్యార్థులు ఎక్స్‌పెరిమెంటల్ గేమ్‌ప్లే ప్రాజెక్ట్ పేరిట ఇటువంటిదే మరో ప్రయోగం చేశారు. ప్రతి ఆటా వారంలోపు పూర్తికావాలి, ఒక్కరే చేయాలి అన్న షరతులతో వారు ఒక్క సెమిస్టరులో 50కి పైగా ఆటలు తయారుచేశారు. 2009లో మొదలైన గ్లోబల్ గేమ్ జామ్ ఈ పద్ధతిని ఒకే వారాంతంలో అనేక దేశాలకు వ్యాపింపజేసింది.

సాధారణంగా ఆటకు అందం స్వేచ్ఛ. ఎక్కడికైనా పోవచ్చు, ఏదైనా చేయవచ్చు అన్న భావన కలిగించడానికి ఎన్నో వీధులూ పాత్రలూ సంభాషణలూ కావాలి. రెండు రోజుల్లో అవి కుదరవు. కాని నిరంకుశ రాజ్యంలో మనిషికి దొరికేదే ఇరుకు. ఒక బల్ల, ఒక గది, పైనుంచి వచ్చే ఆదేశాలు, ఎంచుకోవడానికి రెండు మూడు దారులు, అవి కూడా మంచివి కావు. మరో కథలో లోపంగా కనిపించేది ఇక్కడ కథావస్తువే అవుతుంది. సంపాదకుడు తన గది దాటి బయటికి ఎందుకు పోలేడని ఎవరూ అడగరు.

రెండవ సంగతి, కథ ఎక్కడ ఉండాలి అన్నది. నవలకు వాక్యం ఎటువంటిదో ఆటకు నియమం అటువంటిది. ‘ది రిపబ్లియా టైమ్స్’లో పత్రికాస్వేచ్ఛ గురించి ఉపన్యాసం ఏదీ లేదు. విధేయత ఒక అంకె, పాఠకుల సంఖ్య మరొక అంకె, మొదటి పేజీలో ఇంత జాగా. ఒక దుర్వార్తను తొలగించి ఆ చోట వాతావరణ సూచన పెట్టినప్పుడు, సెన్సారు పని చేసింది మరెవరో కాదు, ఆడుతున్న మనిషి. అబద్ధానికి తోడ్పడడం ఎంత సులువో అతనికి ఎవరూ చెప్పరు. తన చేయి ఆ పని చేశాక తనకే తెలుస్తుంది. చివరకు తిరుగుబాటుదారులు గెలుస్తారు. పాలన మారుతుంది, పత్రిక పేరు మారుతుంది. సంపాదకుడు మాత్రం అదే బల్ల దగ్గర, అవే షరతుల కింద మళ్ళీ కూర్చుంటాడు. రూపకర్త కొత్తగా గీయవలసిన బొమ్మ దాదాపు లేదు. ఉన్న తెరనే తిరిగి వాడడం పొదుపు, ఆ పొదుపే కథకు ముగింపు.

ఇదే పొదుపును పావొలో పెదెర్చీని 2009లో మరో విధంగా వాడుకున్నాడు. పైన చెప్పిన ప్రయోగవేదిక కోసం అతను ఆరు రోజుల్లో తయారుచేసిన ‘ఎవ్రీ డే ది సేమ్ డ్రీమ్’లో ఒక ఉద్యోగి నిద్రలేస్తాడు, బట్టలు వేసుకుంటాడు, లిఫ్టు దిగుతాడు, కారులో ఆఫీసుకు పోతాడు, ఒకే తీరుగా ఉన్న బల్లల వరుసలో తన చోట కూర్చుంటాడు. మళ్ళీ తెల్లవారుతుంది. దాదాపు అన్నీ బూడిదరంగు దృశ్యాలు, అంతూదరీ లేకుండా తిరిగే సంగీతం. ఇంకా ఐదు మెట్లు ఎక్కితే కొత్త మనిషివి అవుతావని లిఫ్టులో ఒక వృద్ధురాలు చెబుతుంది. ఆ మెట్లు దినచర్యను తప్పడంలో ఉన్నాయి. కారు దిగి ఆవును నిమరడం, రాలే ఆకును పట్టుకోవడం అటువంటివి. ఆరు రోజుల్లో నగరాన్ని నిర్మించలేం. కాని అవే నాలుగైదు దృశ్యాలు పదే పదే వస్తే, వాటి వెనుక నగరమంతా ఇలాగే బతుకుతోందన్న నమ్మకం కలుగుతుంది.

ఈ రెండు ఆటల నుంచి పని జరగవలసిన క్రమాన్ని కూడా ఊహించవచ్చు. గడువు కింద కథాప్రధానమైన ఆట చేయబూనే వారిని తరచు వెనక్కిలాగేది తమ రాజ్యం చరిత్రతో మొదలుపెట్టడం. పేర్లు, యుద్ధాలు, పటాలు రాసేసరికి మొదటి రోజు గడుస్తుంది, ఆడవలసింది మాత్రం పుట్టదు. తొలి గంటల్లో తేలవలసినది ఒక్కటే: ఆడే మనిషి ఏ పని చేస్తాడు, ఆ పని అతన్ని ఏ ఇబ్బందిలో పడేస్తుంది? రంగులేని పెట్టెలతోనైనా అది మొదటి రోజే ఆడి చూడగలగాలి. వాతావరణం ఆ తరువాతి మాట. నాలుగు రంగులకు మించకపోవడం, యంత్రం హోరు వంటి ఒకే శబ్దాన్ని అడుగున నడపడం, ముఖ్యమైన ఘట్టంలో దాన్ని ఆపేయడం, ఇవి గంటల్లో అయ్యే పనులు. ముగింపును మధ్యభాగం కంటే ముందే సిద్ధం చేసుకుంటే, సమయం చాలనప్పుడు మధ్యలో ఒక రోజును తీసేయవచ్చు. ముగింపు లేని కథను మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు.

తెలుగులో ఇటువంటి ఆట చేసేవారికి మరొక లెక్క కూడా ఉంది. ఇంగ్లీషులో ఒక్కో అక్షరానికి ఒక బొమ్మ గీసి వరుసగా పేరిస్తే చాలు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం వెనుక యూనికోడ్‌లో 6 సంకేతాలున్నాయి. వాటిని కలిపి ఒత్తులతో, గుడులతో సరైన రూపంలో కూర్చే ఏర్పాటు లేని ఇంజన్‌లో మాటలు విరిగి కనిపిస్తాయి. 2023లో వచ్చిన గొడో 4 ఈ కూర్పు చేయగలదు. బ్రౌజర్‌లో నడిచే ఆటకు బ్రౌజరే ఆ పని చేసిపెడుతుంది. అయినా, ఇటువంటి ఆటల్లో తరచు కనిపించే టైపురైటర్ పద్ధతిలో సంకేతాలను ఒక్కొక్కటిగా చూపిస్తే ‘స్త్రీ’ ముందు ‘స’గా, తరువాత ‘స్’గా తెర మీద తడబడుతుంది. అక్షరాల వారీగా విడగొట్టి చూపాలి. ఇది మొదటి గంటలోనే పరీక్షించవలసిన విషయం. చివరి గంటలో బయటపడితే కథ మొత్తం చదవడానికి వీల్లేకుండా పోతుంది.

అయితే గడువును మరీ కీర్తించడం కూడా పొరపాటే. పోప్ 2012 నవంబరులో మరో ఆట మొదలుపెట్టాడు. కొద్ది వారాల్లో ముగుస్తుందనుకున్నది తొమ్మిది నెలలు పట్టి, 2013 ఆగస్టు 8న ‘పేపర్స్, ప్లీజ్’గా విడుదలైంది. ఆడేవారు అందులో సరిహద్దు తనిఖీ అధికారి. పాస్‌పోర్టులు, పర్మిట్లు సరిచూసి ముద్ర వేయాలి. ఎంతమందిని తనిఖీ చేస్తే అంత జీతం, ఆ జీతంతోనే ఇంటి అద్దె, తిండి, చలికి వెచ్చదనం. ప్రవాసంలో ఇమ్మిగ్రేషన్ కిటికీ ముందు నిలబడినవారికి ఆ బల్లకు ఇవతలి భయం తెలుసు. ఈ ఆట వారిని అవతల కూర్చోబెడుతుంది. ఒక బల్ల, నలిగిపోయే ఉద్యోగి, ఆపదలో కుటుంబం అన్న బీజం రెండు రోజుల ఆటలోనే ఉంది. రిపబ్లియా కూడా ఇక్కడ పొరుగుదేశంగా మళ్ళీ కనిపిస్తుంది. కాని ఆ కిటికీ ముందుకు వచ్చే మనుషులకు ఒక్కొక్కరికీ ఒక్కో మొర సమకూరడానికి ఆ తొమ్మిది నెలలూ కావలసివచ్చాయి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు గడువు కొత్తది కాదు. ఆటల పరిశ్రమలో విడుదలకు ముందు వారాల తరబడి రాత్రింబవళ్ళు పనిచేయించడానికి ‘క్రంచ్’ అని పేరే ఉంది. గేమ్ జామ్‌ను చూసి, తొందరపెడితే మంచి పని పుడుతుందని అనుకునే యజమానులు ఒక తేడాను గమనించరు. క్రంచ్‌లో పని తగ్గదు, మనిషి గంటలు సాగుతాయి. జామ్‌లో గంటలు సాగవు, పని తగ్గుతుంది. దేన్ని వదిలేయాలో నిర్ణయించే హక్కు చేసేవారిదే. రిపబ్లియా సంపాదకుడి మొదటి పేజీలోనూ పట్టే వార్తలు కొన్నే, గడియారం ఆగదు. అతని పేజీలో ఏది మిగలాలో మాత్రం అతని కుటుంబాన్ని పట్టుకున్నవారు చెబుతారు.