హైడ్రాలిక్ గేర్ మోటార్ ఎలా ఎంచుకోవాలి? బోరు బండితో అర్థం చేసుకుందాం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు నుంచి చూస్తున్న ఐటీఐ, డిప్లొమా తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ ఎపిసోడ్ బాగా పనికొస్తుంది. తూముకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడల్లో చేరినా, 2019లో కార్ల తయారీ మొదలైన ఎర్రమంచి కియా ప్లాంటు చుట్టుపక్కల చేరినా, ఏదో ఒక రోజు హైడ్రాలిక్ మెషిన్ మీ చేతికొస్తుంది.

ఫ్యాక్టరీ దాకా ఎందుకు, మన పొలాల్లో బోరు వేసే బండినే తీసుకుందాం. అందులో సుత్తి కొట్టేది గాలితో, రాడ్లు తిప్పేది ఆయిల్ ప్రెషర్‌తో. ఆయిల్ చల్లబరిచే ఫ్యాన్‌కి చాలా బండ్లలో చిన్న గేర్ మోటార్ ఉంటుంది. అది సరిపోకపోతే ఆయిల్ వేడెక్కి పలచబడుతుంది, లీకేజీ పెరుగుతుంది, తిప్పే బలం తగ్గుతుంది. రాడ్లు లోపల ఇరుక్కున్నాయంటే బండి ఓనరుకీ నష్టమే, అప్పు తెచ్చి బోరు వేయిస్తున్న రైతుకీ నష్టమే.

ముందు ఒక మాట. షాపులో గేర్ మోటార్ అని మాత్రమే అడిగితే గేర్‌బాక్స్ బిగించిన కరెంటు మోటార్ చూపించొచ్చు. హైడ్రాలిక్ అని కచ్చితంగా చెప్పండి. దీని లోపల రెండు పళ్ల చక్రాలు ఉంటాయి. ప్రెషర్‌తో వచ్చిన ఆయిల్ వాటిని తోస్తే షాఫ్ట్ తిరుగుతుంది.

ఇప్పుడు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. మన ఫ్యాన్‌కి 1500 ఆర్‌పీఎం దగ్గర 20 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి, లైన్‌లో 150 బార్ ప్రెషర్ దొరుకుతుంది అనుకుందాం. టార్క్‌ని 62.8తో గుణించి ప్రెషర్‌తో భాగించండి. సుమారు 8.4 సీసీ వస్తుంది. ఒక్క చుట్టుకి మోటార్ తాగే ఆయిల్ అన్నమాట. రాపిడి నష్టం ఉంటుంది కాబట్టి 0.85తో భాగిస్తే దాదాపు 10 సీసీ. కొంచెం మార్జిన్‌తో 11 సీసీ తీసుకుందాం.

తర్వాత ఫ్లో. 11ని 1500తో గుణించి 1000తో భాగిస్తే నిమిషానికి 16.5 లీటర్లు. లోపలి లీకేజీకి 0.9తో భాగిస్తే 18 లీటర్ల పైచిలుకు. మీ పంపు అంత ఇవ్వలేకపోతే ఎంత ఖరీదైన మోటార్ పెట్టినా స్పీడు రాదు. స్పీడు ఫ్లోని బట్టి, బలం ప్రెషర్‌ని బట్టి. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

మరి రాడ్లు తిప్పడానికి ఇదే మోటార్ పెట్టొచ్చా? కుదరదు. అక్కడ స్పీడు తక్కువ, టార్క్ చాలా ఎక్కువ. అదే 150 బార్‌లో 2000 న్యూటన్ మీటర్లు కావాలంటే 800 సీసీ దాటుతుంది. అలాంటిచోట ఆర్బిటల్ మోటార్ గానీ, మధ్యలో గేర్‌బాక్స్ గానీ ఉండాలి.

కొనేముందు ఇంకో నాలుగు చూడండి. ఒకటి, ఒకవైపే తిరగాలా, రెండువైపులా తిరగాలా? రెండువైపులా అయితే సాధారణంగా డ్రెయిన్ లైన్ ఉంటుంది, దాన్ని నేరుగా ట్యాంకుకే కలపాలి. మూసేస్తే ఆయిల్ సీల్ ఎగిరిపోతుంది. రెండు, చూడ్డానికి ఒకేలా ఉందని పాత గేర్ పంపుని మోటార్‌గా బిగించకండి. రిటర్న్ ప్రెషర్ సీల్ మీద పడొచ్చు. మూడు, షాఫ్ట్‌కి నేరుగా బెల్టు పుల్లీ వేస్తే పక్కకి లాగుతుంది, అందుకు విడిగా బేరింగ్ సపోర్ట్ కావాలి. నాలుగు, ఫిల్టర్. బోరు దుమ్ము ఆయిల్‌లో పడితే పళ్లూ, పక్క ప్లేట్లూ అరిగిపోతాయి.

పాత మోటార్ మారుస్తుంటే నేమ్‌ప్లేట్, షాఫ్ట్, పోర్టులు ఫోటో తీసుకుని షాపుకి వెళ్లండి. షాఫ్ట్ సైజు కొలిచి రాసుకోండి.

చివరగా, లీకు ఎక్కడుందో అని చేత్తో తడమకండి. సన్నటి ధార కూడా చర్మంలోకి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఇంజిన్ ఆపి, ప్రెషర్ దించాకే పైపు విప్పండి.

మీ మెషిన్ టార్క్, ప్రెషర్, ఆర్‌పీఎం కామెంట్‌లో పెట్టండి, లెక్క కలిసి వేద్దాం. ఉంటాను మరి.