కంటికి కానరాని గట్టిపొర

ఘట్‌కేసర్ దాటి మూసీ దిక్కునకు మరలినచో ప్రతాపసింగారము, కొర్రెముల, ఏదులాబాదు గ్రామములలో హైదరాబాదు నగరపు మురుగునీటితో పారు వరిమళ్లును, మెరకలందు ఎర్రచల్కలును కానవచ్చును. ఇండ్ల స్థలములుగా మారక మిగిలియున్న ఈ నేలలలో ఏటేట దమ్ము చేయుటచేతను, ఒకే లోతున నాగలి నడచుటచేతను, ట్రాక్టరు చక్రముల బరువుచేతను, జానెడు లోతున మట్టి అణగారి, రంధ్రములు పూడుకొని, గట్టిపొర యేర్పడుచున్నది. వరికి ఆ పొర మేలే. పెట్టిన నీటిని ఇంకనీయదు. కాని ఆ మడిలోనే మొక్కజొన్నయో కూరగాయయో వేసిన యేడు, వాన వెలిసినను నీరు వేళ్లచుట్టు నిలిచి, గాలియాడక పైరు పసుపుబారును. పిదప బెట్ట వచ్చినచో, లోపలి తేమ నందుకొనజాలక అదే పైరు వాడిపోవును.

ఈ పొరను పగులగొట్టుటకు ఏర్పడినది సబ్‌సాయిలరు. మట్టిని తిరుగవేయక, 30 మొదలు 60 సెంటీమీటర్ల లోతున మొనను నడిపి నేలను లోలోపల చీల్చును. దీని పరీక్షకు రెండు ట్రాక్టర్లు వలయును. పనిముట్టు తగిలించిన ట్రాక్టరును న్యూట్రల్‌లో నుంచి, ముందొక ట్రాక్టరుతో లాగించి, నడుమ లాగుడు బలమును కొలుచు డైనమోమీటరు కట్టుదురు. మొనను పైకెత్తి యొకమారు, నేలలో దించి యొకమారు లాగినప్పటి భేదమే ఆ నేల కోరు లాగుడు బలము. చక్రముల జారుడు, డీజిలు ఖర్చు, మొన అరుగుదల కూడ లెక్కింతురు. అనంతపురము ప్రాంతపు గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రముల పరీక్షకు కేంద్రప్రభుత్వ సంస్థ యొకటి కలదు.

యంత్రము పరీక్షకు నిలిచినదని తేలినంతమాత్రమున నేల బాగుపడినదని తలపరాదు. నా దృష్టిలో అసలు పరీక్ష మట్టికే జరుగవలెను. శంకువువంటి మొన గల పెనెట్రోమీటరును నేలలో గ్రుచ్చినపుడు చదరపు సెంటీమీటరునకు సుమారు 20 కిలోల ప్రతిఘటన యున్నచో, వేళ్లు దిగుట మిక్కిలి కష్టము. దున్నుటకు ముందును పిదపను ఈ కొలతయు, రెండు వలయములను నేలలో దిగగొట్టి నీరుపోసి చూచు ఇంకుడు వేగమును సరిపోల్చవలెను. 1978లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు స్పూర్, గాడ్విన్ మరొక మర్మమును వెల్లడించిరి: ప్రతి మొనకును ఒక హద్దు లోతు కలదు. అది దాటినచో మట్టి పైకి లేచి పగులక, ప్రక్కలకు నొక్కబడి మరింత గట్టిపడును. మొనకు ఇరుప్రక్కల రెక్కలమర్చినచో ఆ హద్దు క్రిందికి జరుగును. కావున లోతే గొప్పయనుకొని డీజిలు తగులబెట్టుట వృథా. తేమ విషయమింకను ముఖ్యము: ఎండిన నేల పెళ్లలుగా పగులును, తడినేల గోడవలె నున్నబడి మూసికొనును.

హైదరాబాదు సంతోషనగరున 1985లో వెలసిన కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థకు, ఘట్‌కేసరునుండి చూడ మూసీ ఆవలనున్న హయత్‌నగరులో ఎర్రనేలల పరిశోధనా క్షేత్రము కలదు. అట్టి చోట్ల జరుపు ఇట్టి పరీక్షల ఫలితములను తెనుగులో, ఏ నేలకు ఏ లోతో, ఏ మాసమో విడమరచి, రైతు చేతికందింపవలసిన బాధ్యత పరిశోధకులందరిదియు.

రైతులారా, మీరు సైతము యంత్రమును కిరాయికి పిలుచుటకు ముందే మోకాటిలోతు గుంట త్రవ్వి, వేళ్లెచ్చట వంకర తిరుగుచున్నవో చూడుడు. పొర లేనిచోట దున్నింపకుడు, మరల వరి వేయదలచిన మడిలో దానిని చీల్పకుడు, దిగిన నీరు వెలికిపోవుటకు మురుగుకాలువ త్రవ్వనిదే పని మొదలుపెట్టింపకుడు.