సదరం క్యాంపు చూసినాం, రాత్రి ఉండే క్యాంపు ఎప్పుడు?

మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఆటిజం ఉండే బిడ్డను కన్నోళ్లకు క్యాంపు అంటే ఒకటే గుర్తుకొస్తాది, సదరం క్యాంపు. పొద్దన్నే బస్సెక్కి ఆస్పత్రికి పోవాల. వరసలో నిలబడాల. డాక్టరు చూసి పర్సంటేజీ వేస్తాడు. 40 శాతం ఉంటే పింఛను. 2024 జూలై నుంచి అది నెలకు 6 వేలు అయింది. మంచిదే, ఆ దుడ్డు శానా ఇండ్లకు ఆసరా. అయితే ఆ కాగితం లోపం ఎంతో లెక్క చెప్తాదే గానీ, ఆ మనిషి ఎవరితో కలిసి ఎట్ల బతకాలో చెప్పదు.

ఇంకో రకం క్యాంపు ఉండాది. ఎండాకాలంలో నాలుగైదు రోజులు ఇల్లు వదిలి, ఆటిజం ఉండే వయసొచ్చినోళ్లు, ఆటిజం లేని వాళ్ల ఈడువాళ్లు ఒకేచోట వండుకోని, తిని, ఆడి, రాత్రి ఆడనే పండుకోని వచ్చే క్యాంపు. మన పక్క అట్లాంటిది ఏంటికి కావాలో చెప్తా, వినండి.

ముందు ఆటిజం సంగతి. ఇది గాలి సోకింది కాదు, దిష్టి కాదు, అమ్మ పెంపకంలో తప్పు కాదు. పుట్టుకతోనే మెదడు వేరే తీరుగా పెరగడం. కొందరికి మాట ఉండదు, కొందరు గడగడా మాట్లాడతారు. గంగజాతర డప్పు మనకు ఊపొస్తే, ఆ చప్పుడే వాళ్లలో కొందరికి చెవిలో సూది గుచ్చినట్టు ఉంటాది. రోజూ జరిగేది రోజూ అదే తీరుగా జరిగితే నెమ్మది. చెప్పకుండా మారిస్తే తల్లడిల్లిపోతారు. ఇది మందేస్తే పోయే జబ్బు కాదు, 18 ఏండ్లు నిండితే ఆగిపోయేది అంతకన్నా కాదు.

కానీ మన ఏర్పాట్లు మాత్రం 18 దగ్గరే ఆగిపోతాయి. భవిత కేంద్రాలు బడి ఈడు పిల్లోళ్లకు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉచిత చదువు 6 నుంచి 18 ఏండ్ల దాకా. ఆ తర్వాత? శానామందికి ఇల్లు, వసారా, టీవీ. పక్కన అమ్మ. పెండ్లికి పోయినా ఆ అమ్మ రాత్రికి ఇంటికి రావాల్సిందే, ఏంటికంటే కొడుకు ఇంకో చోట పండుకోడు, ఇంకొకరు పెడితే తినడు. ఆమె మనసులో ఎప్పుడూ తిరిగే మాట ఒకటే: "నేను పోయినాక వీడికి ఎవరు?"

రాత్రి ఉండే క్యాంపు అవసరం ఈడనే ఉండాది. అమ్మ ఆస్పత్రిలో పడినా, కాలం చేసినా, ఆ మనిషి అమ్మనూ, ఇంటినీ, అలవాటైన రోజునూ మూడింటినీ ఒక్క దినంలో పోగొట్టుకుంటాడు. అంతకుముందు ఒక్క రాత్రి కూడా బయట ఉండనోడు ఆ దెబ్బ ఎట్ల తట్టుకుంటాడు? అమ్మ బాగున్నప్పుడే, నవ్వుకుంటా, రెండు రాత్రులు బయట ఉండి వస్తే "ఇంకోచోట కూడా నిద్ర పడతాది" అని అతనికి తెలుస్తాది. "నేను లేకపోయినా తిన్నాడు" అని ఆమెకూ తెలుస్తాది.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1996లో అమెరికాలో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిజం ఉండే మనిషీ, తోటి ఆటిజం వాళ్లూ కలిసి 'ఆట్రీట్' అనే క్యాంపు మొదలుపెట్టినారు. నడిపేది వాళ్లే. ఎవరినీ బాగుచెయ్యాలని చూడలేదు. ఆడ రంగు బిళ్లలు పెట్టుకునేవాళ్లు. పచ్చ బిళ్ల ఉంటే వచ్చి మాట్లాడించొచ్చు, పసుపు ఉంటే తెలిసినోళ్లు మాత్రమే, ఎరుపు ఉంటే గమ్మున వదిలెయ్యాల. అట్ట ముక్క, రంగు ఉంటే చాలు, మనమూ చెయ్యొచ్చు.

మన పక్క చెయ్యాలంటే ఏమేం కావాల? జాగా కరువు లేదు. మే నెలలో బడులు, హాస్టళ్లు ఖాళీగానే ఉంటాయి. తలకోన అందంగా ఉంటాది గానీ నీళ్లు ఉండే చోటు మొదటి క్యాంపుకు వద్దు. ఆటిజం వాళ్లలో కొందరిని నీళ్లు బాగా లాగుతాయి, చెప్పకుండా నడిచి వెళ్లిపోవడమూ ఉంటాది. గట్టి గోడ ఉండే కాంపౌండు, మూత ఉండే బావి చూసుకోవాల.

వారం ముందే పడక, బాత్రూము, తోడుండే మనిషి ఫోటోలు ఇంటికి పంపాల. దినమంతా ఏం జరగతాదో బొమ్మలతో గోడమీద అంటించాల. ఒక గది చప్పుడు లేకుండా, లైటు తక్కువగా ఉంచాల. పెరుగన్నం తప్ప తినను అంటే పెరుగన్నమే పెట్టాల, బలవంతం లేదు. ఇంటి దుప్పటి తెచ్చుకోనియ్యాల. కొందరికి మూర్ఛ కూడా ఉంటాది కాబట్టి మందుల పట్టీ, నర్సు, బండి తయారుగా ఉండాల. రాత్రంతా ఇద్దరు వంతులవారీగా మేలుకోవాల. ఎవరినీ ఒక్క మనిషి చేతికి ఒంటరిగా అప్పజెప్పగూడదు, తోడుగా వచ్చేవాళ్ల పూర్వాపరాలు పోలీసులతో విచారించాల. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఇంకోటి. 27 ఏండ్ల మనిషిని 'బుజ్జీ' అనగూడదు, చేతికి చిన్నపిల్లల రంగుల పుస్తకం ఇయ్యగూడదు. మామిడితోటలో కాయలు కొయ్యడం, సంగటి కెలకడం, క్రికెట్, పాటలు, ఏది కావాలో అతన్నే అడగాల. మాట లేకపోతే బొమ్మ చూపించి అడగాల. వద్దంటే వద్దే.

ఇదంతా దానం అడగడం కాదు. 2016 చట్టం 5వ సెక్షను సమాజంలో అందరితో కలిసి బతికే హక్కు ఇచ్చింది. 29వ సెక్షను కళలు, వినోదం గురించే చెప్తాది. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద ఆటిజం వాళ్లు కొన్నాళ్లు ఉండి పోయేదానికి 'సమర్థ్', పెద్దయినాక శాశ్వతంగా ఉండేదానికి 'ఘరౌందా', లక్ష రూపాయల దాకా వైద్య బీమాకు 'నిరామయ' అని పథకాలు పెట్టినారు. ఆ చట్టం కింద జిల్లాకో స్థానిక కమిటీ ఉండాల, దాంట్లో కలెక్టరు ఉంటారు. సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెట్టి అడగండి: మన జిల్లా కమిటీ ఎప్పుడు కూర్చునింది? వేసవిలో ఒక హాస్టలు ఐదు దినాలు ఇస్తారా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మిమ్మల్ని పిలిచేది సేవకు కాదు. సేవ అంటే వాళ్లు కింద, మీరు పైన అయిపోతారు. మీరూ చాప తెచ్చుకోని, అదే వరసలో కూర్చోని తిని, ఆడనే పండుకుంటేనే అది అందరి క్యాంపు.

క్యాంపు వచ్చేదాకా కాచుకోవాల్సిన పని కూడా లేదు. మీ ఊర్లో వసారా దాటని మనిషి ఒకరు ఉంటారు. ఈ వారం ఆ ఇంటికి పోయి అర్ధగంట కూర్చోండి. వచ్చే వారం అదే దినం, అదే టయానికి మళ్లీ పోండి. మీ మొగం అలవాటైతే, మొదటి రాత్రి అమ్మ పక్కన లేనప్పుడు అతను చూసుకునేది మిమ్మల్నే.