కుక్కపిల్లకు టీకా వేయించాక ఏది మామూలు, ఏది ప్రమాదం?



వేసవి సెలవుల్లో మన పిల్లల ఇళ్లలో చాలావాటికి కొత్త కుక్కపిల్లలు వచ్చాయి. వాటికి టీకాలు వేయించడానికి జూలై మంచి సందర్భం. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ పర్యవేక్షణలో, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాబుకు రేబిస్ టీకా వేశారు. ఆ రోజుకు గుర్తుగా ఏటా జూలై 6న ప్రపంచ జూనోసిస్ దినం జరుపుతారు. తెలుగు రాష్ట్రాల్లో చాలా ప్రభుత్వ పశువైద్యశాలలు ఆ రోజు పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తాయి.

టీకా వేయించిన సాయంత్రం కుక్కపిల్ల మూలన ముడుచుకుని పడుకుంటే పిల్లలు బెంగపడతారు. కొందరు పెద్దలు "ఇక రెండో డోస్ వద్దులే" అని అక్కడితో ఆపేస్తారు. ఇంకొందరు దాని ముఖం వాచినా "టీకాకు ఇదంతా మామూలే" అని తెల్లారేదాకా చూస్తారు. రెండూ ప్రమాదమే. ఏది మామూలో, ఏది కాదో ముందే తెలిస్తే ఈ రెండు పొరపాట్లూ జరగవు.

టీకా ఏం చేస్తుంది?

పార్వో, డిస్టెంపర్, రేబిస్ వంటి జబ్బుల క్రిములను బలహీనపరిచి గానీ, చంపి గానీ టీకా తయారుచేస్తారు. శరీరం వాటిని గుర్తుపట్టి ఎదుర్కోవడం నేర్చుకుంటుంది. అలా నేర్చుకునేటప్పుడు కొద్దిగా జ్వరం, నలత రావచ్చు. మన పిల్లలకు టీకా వేసిన రోజు ఒళ్లు వెచ్చబడినట్టే ఇదీ.

అలర్జీ వేరు. అది చాలాసార్లు క్రిమి వల్ల కాదు, తయారీలో టీకాలో మిగిలిపోయే అతి కొద్దిపాటి ప్రోటీన్ల వల్ల వస్తుంది. శరీరం ఒకసారి వాటిని చూశాక, మరోసారి అవి లోపలికి వెళ్లినప్పుడు అతిగా స్పందిస్తుంది. కాబట్టి మొదటి డోస్‌కు ఏమీ కాలేదని రెండో డోస్‌కు అజాగ్రత్తగా ఉండకూడదు.

ఎంత అరుదు?

2002, 2003 సంవత్సరాల్లో అమెరికాలో టీకాలు వేయించుకున్న 12 లక్షలకు పైగా కుక్కల రికార్డులను పరిశీలించారు. మూడు రోజుల లోపు 4,678 కుక్కలకు ఏదో ఒక రియాక్షన్ నమోదైంది. అంటే ప్రతి 10,000 కుక్కల్లో సుమారు 38. వాటిలో ఎక్కువ భాగం ప్రాణాపాయం లేనివే.

ఆ పరిశీలనలో ఇంకో రెండు విషయాలు తేలాయి. కుక్క బరువు తక్కువయ్యేకొద్దీ రియాక్షన్ అవకాశం ఎక్కువ. లాబ్రడార్‌కైనా, పగ్‌కైనా టీకా డోస్ ఒకటే కావడం దీనికి ఒక కారణం కావచ్చు. రెండోది, ఒకే రోజు ఎన్ని ఎక్కువ టీకాలు వేస్తే అవకాశం అంత పెరుగుతుంది. 10 కిలోల లోపు కుక్కల్లో ఒక్కో అదనపు టీకాకు ఇది 27 శాతం చొప్పున పెరిగింది.

మామూలు లక్షణాలు

- ఒకటి రెండు రోజులు మగతగా ఉండటం, తిండి తగ్గించడం
- కొద్దిగా జ్వరం. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. ముట్టుకుంటే వెచ్చగా ఉందని జ్వరం అనుకోవద్దు.
- సూది వేసిన చోట నొప్పి, చిన్న గడ్డ. గడ్డ ఒకటి రెండు వారాల్లో కరిగిపోతుంది. అంతకంటే ఎక్కువ రోజులు ఉన్నా, పెరుగుతున్నా డాక్టర్‌కు చూపించండి.

నీళ్లు దగ్గర పెట్టి, ప్రశాంతంగా పడుకోనివ్వండి. సూది వేసిన చోట పిల్లలు నొక్కకుండా చూడండి. నొప్పికి మన ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రలు మాత్రం వేయకండి. అవి కుక్కలకు విషంలా పనిచేయవచ్చు. రెండు రోజులు దాటినా తేరుకోకపోతే డాక్టర్‌కు ఫోన్ చేయండి.

వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సినవి

- మూతి, కళ్ల చుట్టూ, చెవులు వాచడం
- ఒంటి మీద దద్దుర్లు, విపరీతమైన దురద
- ఆగకుండా వాంతులు, విరేచనాలు
- ఊపిరి తీసుకోవడం కష్టం కావడం
- చిగుళ్లు తెల్లగా పాలిపోవడం, తూలిపడటం, స్పృహ తప్పడం

తీవ్రమైన అలర్జీ చాలావరకు నిమిషాల్లోనో, కొన్ని గంటల్లోనో బయటపడుతుంది. కుక్కల్లో అది ముందుగా వాంతులు, విరేచనాలుగా కనిపించవచ్చు. అందుకే "తిన్నది పడలేదేమో" అని పొరబడతాం. టీకా వేసిన రోజున అలా అనుకుని ఆగవద్దు. సమయానికి ఇంజెక్షన్ పడితే చాలా కుక్కలు కోలుకుంటాయి.

టీకా రోజు పాటించాల్సినవి

1. ఉదయం పూటే వేయించండి. సాయంత్రంలోగా ఏమైనా తేడా వస్తే ఆస్పత్రి తెరిచే ఉంటుంది.
2. వేయించాక కనీసం అరగంట అక్కడే కూర్చోండి.
3. వాంతులు, జ్వరం ఉన్న కుక్కపిల్లకు ఆ రోజు వేయించవద్దు. డాక్టర్‌ను అడిగి వాయిదా వేయండి.
4. షాపులో టీకా కొని, తెలిసినవారితో ఇంట్లోనే వేయించకండి. టీకాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. పైగా అలర్జీ వస్తే ఇంట్లో చేయగలిగింది ఏమీ ఉండదు.
5. వయల్ మీది స్టిక్కర్‌ను టీకా పుస్తకంలో అంటించమనండి. తర్వాత రియాక్షన్ వస్తే ఏ కంపెనీది, ఏ బ్యాచ్‌ది అన్నది దాన్నిబట్టే తెలుస్తుంది.

ఒకసారి రియాక్షన్ వస్తే ఇక టీకాలు మానేయాలా?

తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. మానేయాలా వద్దా అన్నది మనం ఇంట్లో తేల్చుకునే విషయం కాదు. ఏ లక్షణం, టీకా వేసిన ఎంతసేపటికి వచ్చిందో రాసి డాక్టర్‌కు చెప్పండి. వాపు కనిపిస్తే ఫోన్‌లో ఫోటో తీసి చూపించండి. దాన్నిబట్టి డాక్టర్ టీకాలను ఒకే రోజు కాకుండా కొన్ని వారాల తేడాతో వేయవచ్చు, వేరే కంపెనీది వాడవచ్చు, ముందుగా అలర్జీ మందు ఇవ్వవచ్చు, వేసిన తర్వాత ఎక్కువసేపు ఆస్పత్రిలోనే ఉంచుకోవచ్చు. పార్వో, డిస్టెంపర్‌లకు రక్షణ ఇప్పటికే ఉందేమో రక్తపరీక్షతో చూసే వీలూ ఉంది.

తల్లి నుంచి వచ్చిన రక్షణ కుక్కపిల్లలో కొన్ని వారాలు ఉండి, టీకా పనిని అడ్డుకుంటుంది. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకే 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు వచ్చేదాకా మళ్లీ మళ్లీ వేస్తారు. ఒక్క డోస్‌తో ఆపేస్తే వేయించామన్న తృప్తే తప్ప, రక్షణ ఉందన్న భరోసా ఉండదు.

రేబిస్ విషయం ఇంకా ముఖ్యం. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బు మనిషికైనా కుక్కకైనా దాదాపు ప్రాణాంతకమే. కుక్కలకు వేసే రేబిస్ టీకాలో ఉండేది చంపిన వైరస్. దానివల్ల రేబిస్ రాదు. కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకుని ఆడేది మన పిల్లలే కాబట్టి ఈ టీకా వాళ్లకూ రక్షణే.

అయినా ఒక జాగ్రత్త మరవద్దు. టీకా వేయించిన మన కుక్కే కరిచినా, గోళ్లతో రక్కినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి డాక్టర్‌ను కలవాలి. తిడతారనే భయంతో పిల్లలు ఇలాంటివి దాస్తారు. ఏం జరిగినా ముందు అమ్మకో నాన్నకో చెప్పాలని, చెబితే ఎవరూ కోప్పడరని వాళ్లకు ఈ రోజే చెప్పండి.

ఈ నెల పిల్లలతో చేయించండి

టీకా పుస్తకం చూసి తర్వాతి డోస్ తేదీని క్యాలెండర్‌లో రాయమనండి. దాని పక్కనే మీ వెటర్నరీ డాక్టర్ నంబర్, రాత్రి వేళ తెరిచి ఉండే దగ్గరలోని పశువుల ఆస్పత్రి నంబర్ రాయించండి. టీకా రోజున కుక్కపిల్ల తిండి, నిద్ర, ఆట ఎలా ఉన్నాయో గంటకోసారి నోట్‌బుక్‌లో రాసే పని కూడా వాళ్లకే ఇవ్వండి. రియాక్షన్ ఏదైనా వస్తే డాక్టర్ మొదట అడిగే వివరాలు అవే.