సంగమం నుంచి పుట్టుక దాకా: కారా, రైలా?

కృష్ణ పుట్టేది మహాబలేశ్వర్ కొండల్లో, అరేబియా సముద్రానికి 64 కిలోమీటర్ల దూరంలో. అటు పోకుండా 1,400 కిలోమీటర్లు తూర్పుకు నడిచి మన హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారి ఖర్చు చూసుకునే రకం కాదు. ఆ సంగమం పక్కనున్న పాలకాయతిప్ప నుంచి కారేసుకుని నది పుట్టినచోటికి పోదామనుకుంటే మాత్రం వెయ్యి కిలోమీటర్ల లోపే.

కోడూరు, అవనిగడ్డ, కరకట్ట మీదుగా విజయవాడ వంద లోపు. అక్కణ్ణించి హైదరాబాద్ 270 పైచిలుకు, ఆపైన షోలాపూర్ మరో మూడొందలు. మచిలీపట్నం నుంచి పుణె దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఇదే; పాత తొమ్మిదో నంబరు. చాలామంది పుణె దాకా పోయి వెనక్కి తిరుగుతారు, అక్కర్లేదు. షోలాపూర్ దాటాక మోహోల్ దగ్గర ఎడమకు తిరిగితే పండరిపురం, ఫల్టణ్, వాయి మీదుగా కొండెక్కొచ్చు. తొలి ఏకాదశి ముందు రోజుల్లో మాత్రం వద్దు. రోడ్డంతా పండరికి కాలినడకన వచ్చే భక్తులు, వార్కరీలే ఉంటారు, హారన్ కొట్టి లాభం లేదు.

నది ఒడ్డునే సాగర్, శ్రీశైలం, రాయచూరు, ఆల్మట్టి, సాంగ్లీ చూసుకుంటూ పోవచ్చు. అందమైన దారే, కానీ రోజులు పెరుగుతాయి. పైగా నల్లమలలో శ్రీశైలం రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. సాయంత్రం టీ దగ్గర కబుర్లలో పడేవాళ్లు ఈ దారి జోలికి పోకపోవడం మంచిది.

ఇక రైలు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ విజయవాడలో ఎక్కితే షోలాపూర్, పుణెల్లో దించుతుంది. చిక్కంతా రెండు కొసల్లోనే. దివిసీమలో పట్టాల్లేవు; బందరుకో, పులిగడ్డ వంతెన దాటి రేపల్లెకో పోవాలి. మహాబలేశ్వర్‌కూ రైల్లేదు. ఒక్కరే అయితే స్లీపర్ టికెట్టును మించిన చవక లేదు. నలుగురైతే ఏసీ బెర్తులు, రెండు కొసల్లో టాక్సీలు కలిపి కారు ఖర్చుకు దగ్గరగా వస్తుంది. అప్పుడు కారే నయం, పచ్చడి జాడీలకు కూడా చోటుంటుంది.

కారైతే పెట్రోలు తెలివిగా కొట్టించాలి. ఆంధ్ర, తెలంగాణల్లో ధర ఎక్కువ, కర్ణాటకలో తక్కువ. ఈ రోడ్డు కర్ణాటకలో ఉండేది కొద్దిసేపే. కాబట్టి హుమ్నాబాద్ చేరేంత మాత్రం పోయించుకుని, అక్కడ ట్యాంకు నింపండి. టోల్‌కి ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉంది. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైంది; ఏడాదిలో 200 సార్లు టోల్ దాటొచ్చు. సొంత కార్లకే, జాతీయ రహదారుల టోళ్లకే. హైదరాబాద్ అవుటర్ మీద చెల్లదు. ఏడాదిలో మళ్లీ హైదరాబాద్ పోయే పనుంటే కొనండి. డెల్టాలో ఆ పని లేని ఇల్లు అరుదు.

ఎప్పుడు బయల్దేరాలి? జూన్ నుంచి సెప్టెంబరు దాకా మహాబలేశ్వర్‌లో వాన తప్ప ఏమీ కనపడదు. నవంబరు సంగతి, 1977లో ఆ నెల 19న వచ్చిన ఉప్పెన తెలిసిన దివిసీమకు చెప్పక్కర్లేదు. డిసెంబరు తర్వాతే మేలు. సంక్రాంతి ముందు పోయి కనుమ తర్వాత తిరిగొస్తే ఇంకా సుఖం: పంతంగి టోల్ దగ్గర బారులన్నీ ఎదురువైపే ఉంటాయి. పండగపూట ఇల్లొదిలి కొండ మీద స్ట్రాబెర్రీలు తింటున్నామని నాయనమ్మకు ఫోన్ చేసి చెప్పేదెవరో మాత్రం ముందే తేల్చుకోండి.